కాళాచారి గడియారం

మౌనేశాచారి కొండ మీది దర్గా మెట్లెక్కి వచ్చి, తువాలులో చుట్టి తెచ్చిన గడియారం ముళ్లు రెండూ దర్గా చూసుకునే దస్తగిరి స్వామి ముందు పెట్టాడు. అవి ఇక నుంచి దర్గాలోనే ఉండాలన్నాడు. మళ్లీ వాటిని ముట్టుకోనన్నాడు.

స్వామి ముళ్లవైపు చూశాడు. పెద్దది మూరెడు పొడవుంది. ఏమైందని అడగకుండా కూర్చోమన్నాడు.

మౌనేశాచారికి అంగడి వీధిలో నగల కొట్టు ఉంది. పదిహేనేళ్లుగా గురువారం గురువారం కొండెక్కి స్వామి దగ్గర కాసేపు కూర్చుని పోతుంటాడు. ఆ రోజు గురువారం కాదు.

అతని కొట్టు ముందు ఇనుప స్తంభం మీదున్న గడియారాన్ని తాత కాళాచారి మద్రాసు నుంచి తెప్పించాడు. దానికి ఒకటే ముఖం. అది బజారు వైపుకు. నగలు కొనేవాళ్లకు కొట్టు గుర్తుండాలని పెట్టించాడు గానీ, ఏడాది తిరిగేలోపే అది ఊరిదైపోయింది. దాన్ని చూసే బడిగంట కొట్టారు, దాన్ని చూసే తాళి కట్టారు. కలరా వచ్చిన ఏడు సగం ఊరు ఖాళీ అయినా కాళాచారి కదల్లేదు. కీ ఇవ్వడానికి మనిషుండాలి గదా అన్నాడట. ఆ కలరాలోనే పోయాడు. తర్వాత కొడుకు ఇచ్చాడు, ఆ తర్వాత మనవడు. ముగ్గురి చేతుల్లోనూ గడియారం నిమిషం తప్పలేదని మౌనేశాచారి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

పన్నెండు రోజుల కింద పోస్టుమాన్ కొట్టు ముందు సైకిలాపి, స్టేషను టైముకు గడియారం పదమూడు నిమిషాలు వెనక నడుస్తోందని చెప్పాడు. కొట్లో నలుగురున్నారు. మౌనేశాచారి నవ్వి, మా తాత గడియారానికి ఆలస్యం తెలీదు, స్టేషను వాళ్లదే తొందర అన్నాడు. నలుగురూ నవ్వారు. నిచ్చెన వేసి చూడాలని అతనికి అనిపించింది. వాళ్ల ముందు ఎక్కలేకపోయాడు.

మరునాడు, ఆ స్తంభం కిందే పూలమ్మే ఉరుకుందమ్మ కూతురికి జ్వరం తలకెక్కింది. రెండు గంటల రైలుకి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు ఊరి డాక్టరు. ఉరుకుందమ్మ గడియారం చూసుకుంది. ఇంకా టైముందని బిడ్డకు రెండు గుక్కల గంజి పట్టింది. బండి కట్టించుకుని స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయింది. సాయంత్రం రైలు కోసం ప్లాట్‌ఫారం బెంచీ మీద పడుకోబెట్టారు. ఆ రైలు రాకముందే పిల్ల పోయింది. ఆమెకు ఉన్నది ఆ ఒక్కతే.

ఇదంతా చెప్పి మౌనేశాచారి తల వంచుకున్నాడు. ముళ్లు ఊడదీసి, గడియారం రిపేరుకని ఊళ్లో అబద్ధం చెప్పానన్నాడు. నలభై రోజులు ఉపవాసముంటాను, తల గొరిగించుకుంటాను, ఏ శిక్షయినా వెయ్యమన్నాడు.

"ఆమెకు తెలుసా?" అన్నాడు స్వామి.

"తెలీదు."

స్వామి ముళ్లను మళ్లీ తువాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. కర్ర తీసుకుని మెట్లు దిగసాగాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన కొండ దిగి రెండేళ్లయింది. నాలుగైదు మెట్లకోసారి ఆగుతున్నాడు. మూట తనకిమ్మని మౌనేశాచారి అడిగాడు. స్వామి ఇవ్వలేదు.

అంగడి వీధిలో ఉరుకుందమ్మ స్తంభం కింద ఎప్పటిలాగే పూలు కడుతోంది. స్వామి ఆమె ఎదుట నేల మీద కూర్చుని, మూట విప్పి, ముళ్లు రెండూ ఆమె ఒళ్లో పూల మీద పెట్టాడు. తర్వాత మౌనేశాచారి వైపు చూశాడు.

మౌనేశాచారి చెప్పాడు. పోస్టుమాన్ మాటా, తను నిచ్చెన ఎక్కకపోవడమూ దాచలేదు. ఏదీ వదలకుండా చివరిదాకా చెప్పాడు.

ఉరుకుందమ్మ పెద్ద ముల్లును వేలితో ఒకసారి తడిమింది.

"స్టేషన్లో అడుగు పెడ్తానే ఆడుండే గడియారం చూస్తి. అప్పుడే తెలిసిపాయ."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

"అడిగితే ఏం చేస్తావు ఆచారీ? రైలును ఎనక్కి పిలుస్తావా?"

మౌనేశాచారి స్తంభం పట్టుకున్నాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ముళ్లకు అంటిన పూరేకులు దులిపి రెండూ అతని చేతికిచ్చింది.

"పెట్టుకో. వచ్చినోళ్లంతా నన్నే అడుగుతాండారు, టైమెంతని. నాకెట్ల తెలుస్తాది?"

ఆ మధ్యాహ్నమే అతను నిచ్చెన వేశాడు. యంత్రం విప్పి తుడిచి నూనె వేశాడు. స్టేషనుకు పోయి టైము చూసుకొచ్చి ముళ్లు బిగించాడు. వీధిలోవాళ్లు కొందరు ఆగి తలెత్తి చూశారు. ఉరుకుందమ్మ చూడలేదు.

పొద్దు వాలుతుండగా అతను స్వామిని కొండకు తీసుకెళ్లాడు. సగం మెట్లెక్కాక అడిగాడు.

"ఈ బరువు ఎప్పుడు దిగుతుంది స్వామీ?"

"దిగదు."

ఇంకో నాలుగు మెట్లెక్కి, ఊపిరి కోసం స్వామి ఆగాడు.

"ఆమెది దిగుతుందా?" అన్నాడు.

మౌనేశాచారి స్వామి చెయ్యి పట్టుకుని తర్వాతి మెట్టు ఎక్కించాడు.