తక్కువైన పదకొండు రోజులు

కడియం దగ్గర ఒక నర్సరీలో ముప్పై ఏళ్ళుగా అంట్లు కట్టడం నేర్పుతున్న సత్తిరాజు మాస్టారికి వాదించే అలవాటు లేదు. శిష్యుడు ఏదైనా అడిగితే చేతిలో పని ఆపరు, తల కూడా ఎత్తరు. "ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెట్టి, ఎవరికో జరిగింది చెప్పి ఊరుకుంటారు. అడిగినదానికీ చెప్పినదానికీ సంబంధం ఏమిటో వెతుక్కోవడం అడిగినవాడి పని.

ఆ రోజు అడిగినవాడు ప్రభుదాసు. వ్యవసాయ డిప్లొమా చేసి వచ్చి రెండేళ్ళుగా ఆయన దగ్గరే ఉంటున్నాడు. పనిమంతుడు. నర్సరీ గేటు దగ్గర ఒడిశా లారీ ఆగి ఉంది, రెండు వేల మామిడి అంట్లు ఎక్కించుకుని పోవాలి. అంటు కట్టిన మొక్క నలభై రోజులు నీడలో ఉంటే తప్ప గేటు దాటకూడదని మాస్టారి నియమం. వీటికి ముప్పై మూడే అయ్యాయి.

"మాస్టారండీ, ముప్పై మూడు రోజుల మొక్కనీ నలభై రోజుల మొక్కనీ పక్కపక్కన పెడితే నేనే పోల్చలేను. కొనేవాళ్ళు ఏం పోలుస్తారు? చీటీ మీద నలభై అని రాసి పంపేస్తే ఎవరికండీ నష్టం?"

మాస్టారు చేతిలోని పుల్లను ఏటవాలుగా కోసి, కోతను వెలుతురుకు పెట్టి చూసుకున్నారు. "మన నీలవేణి ఆస్ట్రేలియా వెళ్ళింది చూడు, అక్కడ ఒకసారి ఏమైందంటే" అన్నారు. ఆయన చెప్పింది ఇదీ.

నీలవేణి మాస్టారి దగ్గర నాలుగేళ్ళు అంట్లు కట్టింది. ఇరవై ఏడో ఏట వీసాల లాటరీలో పేరు వచ్చి, ఏడాదిపాటు పనిచేసుకుంటూ దేశం చూసే వీసా మీద ఆస్ట్రేలియా వెళ్ళింది. ఆ వీసా మీద రెండో ఏడాది కూడా ఉండాలంటే, మొదటి ఏడాదిలోనే పట్నాలకు దూరంగా పొలంలోనో తోటలోనో ఎనభై ఎనిమిది రోజులు పనిచేసినట్టు కాగితాలు చూపించాలి. ఏడాది ఉంది కదా అనుకుని, మెల్‌బోర్న్‌లో ఒక కాఫీ హోటల్లో కప్పులు అందిస్తూ ఏడు నెలలు గడిపేసింది. తీరా లెక్క చూసుకుని, ఆదరాబాదరాగా క్వీన్స్‌లాండ్ లోపలి భాగంలో కమలా తోటలుండే ఒక చిన్న ఊరికి బస్సెక్కింది.

అక్కడ జూన్ అంటే చలికాలం. మంచుకు తడిసిన ఆకుల్లో చేతులు పెట్టి, నిచ్చెనెక్కి, భుజానికి సంచి వేసుకుని కాయలు కోయాలి. తోట యజమాని గ్రెగ్ మంచివాడు. హనుమకొండ నుంచి అదే వీసా మీద వచ్చిన సంయుక్త, నీలవేణి ఒకే రోజు పనిలో చేరారు. తోట చివరనున్న పాత కారవాన్‌లో, చక్రాల మీది ఇంట్లో, ఇద్దరూ కలిసి వండుకునేవారు, కలిసి నడుం నొప్పులు పడేవారు. అంటు కట్టడం వచ్చని నీలవేణి అక్కడ ఎవరికీ చెప్పలేదు. కాయలు కోసేవాళ్ళు కావాలన్న చోట ఆ మాట ఎందుకనుకుంది.

సెప్టెంబరు మధ్యలో ఒక మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. ఇరవై నిమిషాలు. వాన వెలిశాక చూస్తే చెట్ల మీద మిగిలిన కాయంతా నేలమీద ఉంది. కోత అయిపోయింది. అప్పటికి ఇద్దరికీ డెబ్భై ఏడు రోజులయ్యాయి. ఇంకా పదకొండు కావాలి. వీసా గడువు పంతొమ్మిది రోజుల్లో తీరిపోతుంది.

మర్నాడు పొద్దున గ్రెగ్ తనే కారవాన్ దగ్గరికి వచ్చాడు. "వాన పడితే మీ తప్పా? పడకపోయుంటే మీరు ఆ పదకొండు రోజులూ ఇక్కడే ఉండేవాళ్ళు. నేను ఎనభై ఎనిమిది అని రాసి సంతకం పెడతాను" అన్నాడు. అతను ప్రతిఫలంగా ఏమీ అడగలేదు. నీలవేణికి ముందు కలిగింది సంతోషమే, అందులో దాచేదేమీ లేదు. కాళ్ళ కింద నేల మళ్ళీ దొరికినట్టయింది. ఇద్దరూ అప్పటికప్పుడు ఫారాలు ముందేసుకుని కూర్చున్నారు.

ఫారంలో తేదీల వారీగా ఏ పని చేశారో రాయాలి. సంయుక్త చకచకా రాసుకుపోయింది. నీలవేణి డెబ్భై ఏడో రోజు వరకూ రాసి ఆగింది. డెబ్భై ఎనిమిదో రోజున ఏ వరసలో కోసింది? మబ్బా, ఎండా? అన్నం ఎక్కడ కూర్చుని తింది? అవన్నీ ఫారం అడగలేదు. తనకే కావలసి వచ్చాయి. ఎంతసేపు చూసినా ఆ గడిలో పెట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. కలం మూసేసింది.

"నేను వేరేచోట పని వెతుక్కుంటాను" అంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది సంయుక్త. "పని చెయ్యనంటున్నమా మనం? వానకు చెప్పు పో! ఆయనంతట ఆయన ఇస్తుంటే తీస్కోవాలె గని, కోతలైపోయిన ఊర్ల నీకు పని ఎవరిస్తరు?"

నీలవేణి తన ఫారం తీసుకుని గ్రెగ్ దగ్గరికి వెళ్ళింది. అతను ఏమీ అనుకోలేదు. డెబ్భై ఏడు రోజులకు సంతకం పెట్టిచ్చి, "మనసు మారితే ఫోన్ చెయ్యి" అన్నాడు.

గ్రెగ్ దగ్గరే పాత సైకిలు ఒకటి అడిగి తీసుకుని బయల్దేరింది. మొదటి రోజు ఎనిమిది తోటలు, రెండో రోజు పదకొండు. అందరిదీ ఒకటే మాట, వచ్చే ఏప్రిల్‌లో రా అని. మూడో రోజు ఒక ప్యాకింగ్ షెడ్డులో పేరు రాయించుకున్నారు గానీ పిలవలేదు. ఐదో రోజు సాయంత్రం సైకిలు చక్రంలో గాలి పోతే కారవాన్ దాకా ఏడు కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చింది. చీకటి పడ్డాక దారిలో ఒకచోట ఆగి ఫోన్ తీసి, గ్రెగ్ పేరు దాకా వెళ్ళి, మళ్ళీ జేబులో పెట్టుకుంది. పౌరుషం కొద్దీ కాదు. ఆ రాత్రి ఎలాగూ అతను పడుకుని ఉంటాడని తనకు తాను చెప్పుకుంది.

ఆరో రోజు పొద్దున ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఇన్ని రోజులూ తోటల చుట్టూ తిరుగుతోంది. ఇంకా పని మిగిలినవాళ్ళు సామాను కోసం ఎక్కడికి వస్తారు? ఊళ్ళో ఎరువులూ పనిముట్లూ అమ్మే దుకాణం ఒకటే ఉంది. తలుపులు తీసేసరికి వెళ్ళి, కొట్టువాడిని అడిగి, కౌంటరు పక్కన నిలబడింది. వచ్చినవాళ్ళు ఏం కొంటున్నారో చూడటం, అడగటం. మధ్యాహ్నానికి పన్నెండు మందిని అడిగింది.

అప్పుడు డోరీన్ వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, కుడి చేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. ఎడమ చేత్తో ఒక అట్టపెట్టె బల్లమీద పెట్టి, "ఇవి వెనక్కి తీసుకో. ఈ ఏడు ఇక నావల్ల కాదు. వచ్చే వారం యంత్రాన్ని పిలిచి చెట్లు పీకించేస్తున్నాను" అంది. పెట్టెలో ఏముందో నీలవేణికి చూడగానే తెలిసింది. అంటు కట్టే రిబ్బను చుట్టలు.

"అవి వెనక్కి ఇవ్వకండి" అంది నీలవేణి. ఆ దేశంలో అంత గట్టిగా ఆమె మాట్లాడటం అదే మొదలు. "నాకు అంటు కట్టడం వచ్చు."

డోరీన్ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా ఊళ్ళో. మా మాస్టారి దగ్గర."

"ఎన్ని కట్టావు?"

"లెక్క తెలీదు. రోజుకి మూడు వందలు, నాలుగేళ్ళు."

డోరీన్ బండిలోంచి ఒక కొమ్మా, కత్తీ తెచ్చి చేతికిచ్చింది. నీలవేణి ఒక్క లాగుడుకి కోసి ఇచ్చింది. ఆవిడ ఆ కోత మీద బొటనవేలు నడిపి, రిబ్బను పెట్టె తీసుకుని బండిలో పెట్టి, ముందు తలుపు తెరిచింది.

డోరీన్ తోటలో నూట డెబ్భై పాత కమలా చెట్లున్నాయి. కాయల నిండా గింజలే, ఎవరూ కొనరు. తల నరికి, మోడు మీద కొత్త రకం పుల్లలు అంటు కడితే రెండేళ్ళలో తోట మళ్ళీ నిలబడుతుంది. చలి తగ్గి చెట్టులో రసం పైకెక్కే ఆ కొద్ది వారాల్లోనే కట్టాలి. సరిగ్గా అంతకుముందు నెలలో ఆవిడ నిచ్చెన మీంచి పడింది. కట్టేవాళ్ళను పిలిస్తే వచ్చే ఏడు చూద్దామన్నారు. అప్పటిదాకా తోటను పోషించే ఓపిక ఆవిడకు లేదు.

కడియంలో నీలవేణి కట్టినవన్నీ పెన్సిలంత మొక్కలు. ఇక్కడి మోడులు తొడలంత ఉన్నాయి. మొదటి రోజు బెరడు ఎత్తబోతే చీలిపోయింది. రెండోదీ చీలింది. నాలుగోదానికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డోరీన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "చెట్టును బతిమాలకు. తెరవమని చెప్పు" అంది. అని, ఎడమ చేత్తోనే కత్తి మొద్దు అంచును బెరడు కింద ఎలా తిప్పాలో చూపించింది. మధ్యాహ్నం దాటాక చీలడం ఆగింది. మూడో రోజు ఇద్దరికీ రిబ్బను కింది నుంచి చుట్టాలా పైనుంచి చుట్టాలా అని పెద్ద గొడవైంది. "మా మాస్టారు కింది నుంచే చుట్టమన్నారు. నీళ్ళు దిగవు" అని నీలవేణి పట్టుబట్టింది. ఆవిడ గొణుక్కుని, ఒక వరస అలా, ఒక వరస ఇలా కట్టించింది. ఐదో రోజు ఈదురుగాలికి పని సాగలేదు. ఆ రోజు లెక్కలోకి రాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కేకు చేసింది, ఈమె పప్పుచారు పెట్టింది. ఆవిడ దాన్ని గ్లాసులో పోసుకుని తాగింది. చివరి రోజుల్లో డోరీన్ స్టూలు తెచ్చుకోవడం మానేసింది. ఇంట్లోనే కూర్చుని, కిటికీలోంచి ఒకటి రెండుసార్లు చూసేది, అంతే.

పన్నెండో రోజు ఎండ వాలేసరికి నూట డెబ్భయ్యో చెట్టు పూర్తయింది. డోరీన్ పదకొండు రోజులకు సంతకం పెట్టింది. మర్నాడు, వీసాకు ఆఖరి రోజున, నీలవేణి దరఖాస్తు పంపింది. నెల తిరక్కుండా రెండో ఏడాది అనుమతి వచ్చింది. ఈలోగానే డోరీన్ ఫోటో పంపించింది. నూట అరవై ఒక్క చెట్లు చిగురించాయి. కింది నుంచి చుట్టినవి, పైనుంచి చుట్టినవి అని తేడా ఏమీ లేదని కింద రాసింది.

మాస్టారు అక్కడితో ఆపి, కోసిన పుల్లను మొక్కలో దింపి రిబ్బను చుట్టడం మొదలుపెట్టారు. ప్రభుదాసు ఉండబట్టలేక అడిగాడు.

"మరి ఆ సంయుక్తగారికి ఏమైందండీ? దొరికిపోయారా?"

"లేదు. ఆ పిల్లకి వారం ముందే వచ్చింది వీసా. ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ ఒక ఊళ్ళోనే ఉన్నారు, స్నేహంగానే ఉన్నారు."

ప్రభుదాసు ముఖం చిన్నబోయింది. "అయితే తేడా ఏముందండీ? ఇద్దరి కాగితం మీదా ఎనభై ఎనిమిదేగా?"

గేటు దగ్గర లారీ డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. మాస్టారు ముడి బిగించి, మొదటిసారి తలెత్తారు.

"ఇద్దరి నంబర్లూ నా దగ్గరున్నాయి. ఆ పదకొండు రోజులూ ఏం చేశారో, ఇద్దరినీ అడుగు."