పొగడ్తకు ముద్ర అక్కరలేదు

ఒకానొక రాజ్యంలో వానలు ఎప్పుడు పడాలో, ఎంత పడాలో మంత్రిగారు నిర్ణయించేవారు. ఆ సంగతి వానలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని రెండేళ్లుగా అవి తమ ఇష్టం వచ్చినట్టు ఎగ్గొడుతున్నాయి.

ఆ రాజ్యం పేరు వేల్పుగొండ. రాజుగారు ఉద్దండకేసరి. మనసులో కల్మషం లేని మనిషే, ఎవరికీ కావాలని కీడు చేసి ఎరగరు. కాకపోతే తన ఏలుబడి అంత గొప్ప ఏలుబడి భూప్రపంచంలో లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి దెబ్బ తగిలే కబురు ఏది చెవిన పడ్డా మొహం ముడుచుకుని అంతఃపురంలోకి వెళ్లిపోయేవారు. మంత్రి బాచనామాత్యుడు ఇది కనిపెట్టాడు. కనిపెట్టి, పూటకొక మంచి కబురు వడ్డించే ఏర్పాటు చేశాడు.

ఊళ్లో పన్నెండుమంది చాటింపువాళ్లు ఉండేవారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డప్పు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగి రాజ్యంలో విశేషాలు చాటడం వాళ్ల పని. వాళ్లు తినే గింజలు మంత్రిగారి గాదె నుంచి వస్తాయి. ఇక చాటింపు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పాలా? దినుసుల ధర పెరిగితే మన పంటకు గిరాకీ వచ్చిందని చాటేవారు. చెరువు ఎండిపోతే, చెరువు అడుగున రాజుగారి ముత్తాతగారు వేయించిన రాతిమెట్లు ఇన్నాళ్లకు బయటపడ్డాయి, ప్రజలు చూసి తరించవచ్చునని చాటారు. ఆకలి అన్నవాడెవడైనా కనిపిస్తే వాడు సోమరి అని చాటేవారు. చెరువు తవ్వే కూలీల వాడలో మూడువందల గడప ఉంది. చాటింపు ప్రకారం ఆ మూడువందల ఇళ్లలోనూ సోమరులే.

ఆ వాడలోనే పుట్టి ఆస్థానానికి ఎక్కినవాడు ముమ్మన. సభలో రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. అతని అక్క పోలమ్మ ఆ వాడలో అంబలి పందిరి నడిపేది. వానలు మొహం చాటేసిన తొలి ఏడాది, ముమ్మన పోరగా పోరగా రాజుగారు కొఠారు నుంచి రాగులు ఇప్పించి వేయించిన పందిరి అది. పూటకు పెద్ద కాగు నిండా అంబలి కాచి, మనిషికి ముంతెడు పోసేది. ఆ ముంతెడు అంబలే లేకపోతే ఆ వాడలో సగం పొయ్యిల మీద ఏమీ ఉడకదు.

ఇట్లా ఉండగా ఉగాది వచ్చింది. సభలో పంచాంగ శ్రవణం జరిగింది. చదివేది సిద్ధాంతిగారే అయినా, ఏం చదవాలో ముందురోజే మంత్రిగారింటి నుంచి ఆయనకు కబురు అందుతుంది. ఈ ఏడు మేఘాధిపతి శుభుడు, వానలు సమృద్ధి, పంట ఇబ్బడి, అంటే రెండింతలు, అని సిద్ధాంతిగారు గొంతెత్తి చదివారు. రాజుగారు మీసం దువ్వుకున్నారు.

అప్పుడు మంత్రి లేచి, ప్రభువులవారి పుణ్యాన పంట ఇబ్బడి కాబోతున్నది కాబట్టి ఇక అంబలి పందిరి దేనికని అడిగాడు. ఊరికే పోసి పోసి జనాన్ని సోమరులను చేయడం ధర్మం కాదన్నాడు. మరో ఎనిమిది రోజుల్లో పందిరి ఎత్తేద్దామనీ, కొఠారులో మిగిలిన రాగులు పొరుగుదేశపు వర్తకులకు అమ్మేద్దామనీ విన్నవించాడు. ఆ వర్తకుల్లో పెద్దవాడు మంత్రిగారికి స్వయానా వియ్యంకుడు. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు, ఒక్క రాజుగారికి తప్ప. రాజుగారు సరేనన్నారు.

ముమ్మన ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. పోలమ్మ తెడ్డు పక్కన పెట్టింది. ఉగాది పూట తమ్ముడికి పెట్టడానికి పచ్చడి కూడా లేదన్న బాధ ఒకటి ఆమెకు అప్పటికే ఉంది.

"వానలు పడతాయే అనుకుందాం రా తమ్ముడూ," అంది. "పడితే మాత్రం పంట చేతికొచ్చేది కార్తీకంలో గదా. అందాకా ఏం తినాలో కూడా ఆ పంచాంగంలో రాశారా?"

మాటలతో బతికేవాడికి మాట కరువైతే ఎంత సిగ్గో ముమ్మనకు ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఏకాంతంలో రాజుగారికి ఉన్నదున్నట్టు చెప్పబోయాడు. రాజుగారు మధ్యలోనే ఆపి, నీవు చెప్పినట్టు జనం ఆకలితో ఉంటే చాటింపులో రాకపోతుందా అన్నారు. పొద్దుటి చాటింపులో, కూలీల వాడలో పిల్లలు బొద్దుగా ఉన్నారని తాను స్వయంగా విన్నానన్నారు. నీకు హాస్యమే నప్పుతుందోయ్, రాజకీయం నప్పదు అని భుజం తట్టి పంపేశారు.

సరే, చాటింపే చేయిద్దామని ముమ్మన చాటింపువాళ్ల పెద్ద కొమ్మన్న దగ్గరికి వెళ్లాడు. చెరువులో నీళ్లు లేవు, కొఠారు ఖాళీ అయితే ఊరు మలమల మాడుతుంది, ఈ రెండు ముక్కలు చాటించమని అడిగాడు. కొమ్మన్న చెడ్డవాడేం కాదు. ఆరుగురు పిల్లల తండ్రి. తలవంచుకుని, చెడ్డ కబురు చాటాలంటే మంత్రిగారి ముద్ర ఉండాలని చెప్పాడు.

"మరి మంచి కబురుకో?" అన్నాడు ముమ్మన.

మంచి కబురుకు, అందులోనూ మంత్రిగారిని పొగిడే కబురుకు, ముద్ర అక్కరలేదట. మొదట్లో దానికీ ముద్ర ఉండేదట గానీ, రోజుకు నలభై పొగడ్తలు వచ్చిపడుతుంటే ముద్ర వేసి వేసి మంత్రిగారి చెయ్యి నొప్పెట్టిందట. పొగడ్త ఎవరు తెచ్చినా అడగకుండా చాటేయండి, పొగడ్తలో తప్పేముంటుంది అని ఆయనే సెలవిచ్చారట.

ముమ్మన ఆ మాట విని గడప దాటబోయినవాడు కాస్తా వెనక్కి వచ్చి, తీరిగ్గా చాప మీద కూర్చున్నాడు.

ఇక్కడొక ఆచారం గురించి చెప్పుకోవాలి. వేల్పుగొండలో మంత్రి మొదలు బంట్రోతు దాకా అందరికీ ఏడాది బత్తెం ఉగాది తర్వాత నాలుగో రోజున రాజుగారి కొఠారు నుంచి కొలిచి ఇస్తారు. మంత్రిగారి బత్తెం చిన్నదేం కాదు, బళ్లు కట్టుకుని తోలుకుపోవాలి. ఇంకా ఆ రోజు రాలేదు.

మూడో రోజు తెల్లవారగానే డప్పులు మోగాయి. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, మన మంత్రివర్యులు బాచనామాత్యులవారి జోస్యానికి తిరుగులేదు. పంట ఇబ్బడి కావడం ఖాయం. అంతటి నమ్మకం గలవారు గనుక, తమ ఈ ఏటి బత్తెం యావత్తూ అంబలి పందిరికి ఇచ్చివేసి, కార్తీకంలో కొత్త పంట నుంచి దానికి ఇబ్బడి పుచ్చుకోనున్నారహో" అని పన్నెండుమందీ పన్నెండు వీధుల్లో చాటారు. మంత్రిగారి మీద పొగడ్త కదా, ఎవరూ మారుమాట అడగలేదు.

రాజుగారు తలంటు పోయించుకుంటూ ఈ చాటింపు విన్నారు. కళ్లలో కుంకుడు రసం పడ్డా లెక్కచేయలేదు. ఔరా, నా మంత్రి ఎంతటివాడు అని పొంగిపోయి, తలారకుండానే సభకు బయల్దేరారు.

మంత్రిగారు మాత్రం పొద్దెక్కి లేచే మనిషి. ఆయన పల్లకిలో వస్తుంటే దారి పొడుగునా కూలీలు చేతులెత్తి దండాలు పెట్టారు. ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లకు నా విలువ వీళ్లకు తెలిసివచ్చిందని ఆయన అనుకున్నాడు గానీ ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు లేదు.

సభలో అడుగు పెట్టగానే రాజుగారు ఎదురువచ్చి, తన మెడలోని ముత్యాల హారం తీసి మంత్రి మెడలో వేశారు. బత్తెం మొత్తం పందిరికి ఇచ్చిన దాత నీవొక్కడివే అని కౌగిలించుకున్నారు. బాచనామాత్యుడికి సంగతి బోధపడేసరికి ముచ్చెమటలు పోశాయి. ఎక్కడో పొరపాటు జరిగిందని గొణిగాడు.

"పొరపాటేమిటి?" అన్నారు రాజుగారు. "పంట ఇబ్బడి అన్నది నీవే. నీకు వచ్చేదీ ఇబ్బడే. ఇందులో నీకు నష్టమెక్కడుంది?"

మంత్రి మళ్లీ అందుకున్నాడు. వాన దేవుడి చేతిలో పనన్నాడు. అంచనా అన్నది అంచనాయే గానీ చేతికొచ్చిన గింజ కాదన్నాడు. ఉగాది నాడు ఈ మాట అనలేదేమని రాజుగారు అడిగారు. మంత్రికి దిక్కు తోచక, ఉన్నమాట పైకి వచ్చేసింది.

"ఇంట్లో పదిహేనుమంది తినేవాళ్లున్నారు ప్రభూ. కార్తీకం దాకా ఏం తినాలి?"

వెనక వరసలోంచి ముమ్మన నెమ్మదిగా లేచాడు.

"మా అక్క పోలమ్మ కూడా సరిగ్గా ఈ మాటే అడిగింది ప్రభూ," అన్నాడు. "ఆమె ఇంట్లో మూడువందల గడప."

రాజుగారి మొహం ఎర్రబడింది. ముందుగా మంత్రి మీద కాదు, చాటింపు మీద వచ్చింది కోపం. ఇది ఎవరు చాటించారని గద్దించారు. కొమ్మన్న ముమ్మనను చూపించాడు. ఆ రాజ్యంలో జరగనిది జరిగిందని చాటిస్తే గుండు గీయించి, గాడిద మీద ఊరేగించి, పొలిమేర దాటించడం శిక్ష. మంత్రిగారికి పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. శిక్ష వెంటనే అమలు జరపాలని తొందరపెట్టాడు.

ముమ్మన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జుట్టు పోతే పోయింది, మళ్లీ మొలుస్తుంది. పందిరి పోతే అక్క మొహం ఎట్లా చూడాలి? అదీ అతని భయం.

"చిత్తం ప్రభూ. నేను చాటించింది అబద్ధం కాదు, అంచనా. మంత్రిగారి దానగుణం ఇంత ఉంటుందని అంచనా కట్టాను, అది తప్పింది. అంచనా తప్పినవాడికి గాడిదే శిక్ష అయితే ఎక్కడానికి నేను సిద్ధం. కాకపోతే నాది మూడో రోజు అంచనా. ఉగాది నాటి అంచనా వారు పెద్దలు, వరసలో నాకంటే ముందున్నారు. వారు ఎక్కిన తర్వాత నేను ఎక్కడం మర్యాద."

సభలో ఎవరో దగ్గు నటించి నవ్వు ఆపుకున్నారు. రాజుగారు ముమ్మనను చూశారు, మంత్రిని చూశారు. మంత్రి ఏమీ ఎరగనట్టు ముత్యాల హారం సర్దుకుంటున్నాడు. అది చూసి రాజుగారికి ఇక నవ్వు ఆగలేదు. పగలబడి నవ్వారు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వారు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఈ రాగులు కొనే వర్తకుడెవరో కాస్త చెప్పండర్రా అన్నారు. వియ్యంకుడి పేరు చెప్పడానికి ఈసారి సభలో నలుగురు ఒక్కసారే లేచారు.

అమ్మకం ఆగిపోయింది. చాటింపు ఒకసారి వెళ్లాక వెనక్కి తీసుకోవడం రాజమర్యాద కాదు గనుక మంత్రిగారి బత్తెం పందిరికే పోయింది. కార్తీకంలో పంట ఇబ్బడి అయితే ఇబ్బడీ పుచ్చుకోవచ్చునని, కాకపోతే వచ్చినంతే పుచ్చుకోవాలని రాజుగారు తీర్పు చెప్పారు. ఆ సాయంత్రం నుంచి మంత్రిగారు మేడ ఎక్కి మబ్బుల కోసం చూడటం మొదలుపెట్టారట.

రాజుగారు ముమ్మనకు పట్టుశాలువ కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు. ఊరు ఇస్తానన్నారు, పల్లకి ఇస్తానన్నారు. ముమ్మన అవేవీ వద్దన్నాడు. ఇక మీదట చాటింపువాళ్లకు మంత్రిగారి గాదె నుంచి గింజలు ఆపించి, రెండు పూటలా వాళ్లు మా అక్క పందిరిలో నలుగురితో పాటు వరసలో నిలబడి తినేలా సెలవియ్యండి, అది చాలు అన్నాడు. ఇదేం కోరికని రాజుగారు ఆశ్చర్యపోయారు గానీ, అడిగింది ముమ్మన గనుక ఒప్పుకున్నారు.

రెండో నాడు పొద్దున రాజుగారు మేడ మీద పళ్లు తోముకుంటున్నారు. కింద వీధిలో డప్పు మోగింది. కొమ్మన్న గొంతు ఎప్పటికంటే నీరసంగా ఉన్నా, మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ, మహారాజులవారికీ తెలియజేయునది ఏమనగా, పందిరిలో అంబలి మరీ నీళ్లలాగా ఉన్నదహో. కాగుకు ఇంకో రెండు కుంచాల రాగులు పడవలెనహో."

రాజుగారు వేపపుల్ల నోట్లోంచి తీసి, పిట్టగోడ పట్టుకుని పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక కొఠారు అధికారిని పిలిచి, రెండు కాదు, నాలుగు వెయ్యమన్నారు. ఆ పూట పోలమ్మ కాగులో తెడ్డు పెట్టి వదిలితే, అది పడిపోకుండా నిలబడింది.