ఆమేన్ అనని పొరుగువాళ్ళు

కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో ఏటిగడ్డ అనే రాజ్యాన్ని ప్రకాశరాజు ఏలేవాడు. దైవభక్తి గలవాడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. కొలువులో ఎవరు మనవి చేసుకున్నా చివర ఆమేన్ అనాలి. అనకపోతే ఆ మనవి చెల్లదు.

రాజుకు ఒకటే దిగులు. ఇంత ఆకాశాన్ని చేసిన దేవుడు ఈ ఒక్క నేలకే ప్రాణం పోశాడా? చుక్కల్లో మనకు పొరుగువాళ్ళు లేరా? అందుకని చుక్కల మాట వినిపించే పెద్ద అద్దం చేయించబూనాడు.

అద్దానికి ఇసుక కావాలి. ఏటి ఒడ్డు తవ్విస్తుంటే తాబేలు కొలువుకొచ్చింది. ఆ ఇసుకలో గుడ్లున్నాయి, పిల్లలు బయటికొచ్చేదాకా ఆగమంది. ఆమేన్ అనడానికి మాత్రం దానికి నోరు తిరగలేదు. మనవి చెల్లలేదు.

కొలిమికి కట్టెలు కావాలి. అడవి కొట్టిస్తుంటే వడ్రంగిపిట్ట వచ్చి, తొర్రలో తన కూనల సంగతి చెప్పుకుంది. దానికీ ఆ మాట రాలేదు.

చుక్కల మాట వినాలంటే నిశ్శబ్దం కావాలి. కప్పల గోల ఆపడానికి చిత్తడినేల ఎండగట్టమన్నాడు రాజు. ముసలికప్ప వచ్చి ఆమేన్ అందామని గొంతు చించుకుంది. బెకబెకే వచ్చింది. కొలువంతా నవ్వింది.

చర్చి గంట కొట్టే శుభమణి మాత్రం నవ్వలేదు. "మహారాజా, ఆమేన్ మన అలవాటు. ప్రాణం దేవుడిది. కాళ్ళ దగ్గరున్నవాళ్ళ మాటే చెవికెక్కని మనకు చుక్కల మాట ఎందుకు?"

"దేవుడి పోలిక మనిషిదమ్మా. వీటన్నిటినీ మన చేతికే అప్పగించాడు."

"అప్పగించినవాడు, ఏవీ అని అడగడా?"

పని ఆగలేదు.

ఏడేళ్ళకు అద్దం నిలిచింది. నిజంగానే ఒక చుక్క పలికింది. "మేమూ పొరుగువాళ్ళనే వెతుకుతున్నాం. మీ ఏటివాళ్ళనూ అడవివాళ్ళనూ చిత్తడివాళ్ళనూ పలకరించాలని ఉంది. పిలుస్తారా?"

ఆ మాట చివర ఆమేన్ లేదు. ఎవరికీ ఆ ఊసే గుర్తురాలేదు.

రాజు ఏటికి పోయాడు. అడవికి పోయాడు. చిత్తడినేలకు పోయాడు. తాను కోరుకున్న నిశ్శబ్దమే అంతటా ఉంది. తిరిగొచ్చి శుభమణి ముందు తల దించుకున్నాడు.

"ఏం చెప్పమంటావమ్మా?"

"ఉన్నది చెప్పండి, మహారాజా."

"మేమొక్కళ్ళమే మిగిలాం," అన్నాడు రాజు అద్దంతో.

అవతల నుంచి "పాపం" అని ఒక్క మాట వచ్చింది. మళ్ళీ ఏ చుక్కా పలకలేదు.

పక్కనున్న ప్రాణాన్ని పొరుగని ఎంచనివాడు ఆకాశమంతా వెతికినా ఒంటరిగానే మిగులుతాడు.