తీతువు గోల

ఓబులేసుకు ధ్యానంలో మనసు నిలవడం లేదు. తప్పంతా పిట్టలదేనని అతని నమ్మకం.

పెన్న ఒడ్డున గుడిసె వేసుకున్న సిద్దయ్య స్వామి దగ్గర అతను శిష్యుడుగా చేరాడు. చేరిన కొన్నాళ్ళకే పిట్టలు గూళ్ళు కట్టే కాలం వచ్చింది. నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళల్లుతూ ఒకటే కిచకిచ. గట్టు బొరియల్లో లకుముకి పిట్టలు. జమ్ములో నీటికోళ్ళ కొట్లాటలు. కళ్ళు మూసుకుంటే సంత మధ్యలో కూర్చున్నట్టుండేది.

స్వామితో మొరపెట్టుకుంటే ఆయన నవ్వేశాడు.

"పెండ్లివారి ఇండ్లు నాయనా, ఆమాత్రం సందడి ఉండదా?"

ఓబులేసుకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఏటి నడుమ ఉన్న రాళ్ళతిప్ప మీదికి వెళ్ళి, మనసు కుదిరేదాకా లేచేది లేదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ చెట్టూ లేదు, జమ్మూ లేదు. ఉన్నదల్లా ఒక తీతువు జంట. అవి అతని నెత్తి మీదే తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరవసాగాయి. అతను పళ్ళు బిగబట్టాడు. ఎండ ముదిరింది, రాళ్ళు కాలుతున్నాయి. అయినా ఒట్టు ఒట్టే.

అంతలో స్వామి నీళ్ళు దాటి వచ్చాడు. కాస్త దూరంలో ఆగి పైన పిట్టల్నీ, కింద రాళ్ళనీ చూశాడు. ఇంకో అడుగు వేసి, "అబ్బా" అంటూ కాలు పట్టుకుని కూలబడ్డాడు.

ఓబులేసు ఒక్క దూకున వెళ్ళి ఆయన్ని లేవదీశాడు. ముసలాయన బరువంతా భుజాన మోస్తూ, ఏ రాయి కదులుతుందో ఎక్కడ పాచి పట్టిందో చూసుకుంటూ, మెల్లగా ఏరు దాటించాడు.

ఒడ్డెక్కగానే స్వామి భుజం వదిలి చక్కగా నడిచాడు.

"కాలునొప్పి ఏమాయె స్వామీ?"

"పోయింది. దారంతా పిట్టలు బాగా అరిచినాయా?"

ఓబులేసు ఆలోచించాడు. "విన్లేదు స్వామీ. మీ కాలే చూసుకుంటా వచ్చినా."

స్వామి వెనక్కి చూపించాడు. తీతువు నీళ్ళలో పొట్ట తడుపుకుని తిప్ప మీదికి పరుగెత్తింది. ఓబులేసు కూర్చున్న చోటికి జానెడు దూరంలో, గులకరాళ్ళలో గులకరాళ్ళలా కలిసిపోయి ఎండకు మాడుతున్న గుడ్ల మీద, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

ఓబులేసు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

సంగటి చల్లారిపోతోందని స్వామి గుడిసెలోంచి పిలిచాడు. ఓబులేసుకు వినపడలేదు.