ఏటిలో రెండో వరస

తిమోతికి నీళ్లంటే భయం.

ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడు. వానలో తడుస్తాడు, బావి దగ్గర చెంబుతో పోసుకుంటాడు, దానికేం లేదు. మోకాలు దాటిన నీళ్లలో మాత్రం కాలు పెట్టడు. అందరూ పంచె ఎగ్గట్టి ఏరు దాటే చోట, అతను చుట్టూ తిరిగి వంతెన మీదుగా వస్తాడు. సువార్త చెప్పేవాడు కదా, దారిలో ఊళ్లు పలకరించి వస్తున్నాడని జనం అనుకునేవాళ్లు. జనం ఎప్పుడూ తమకు నచ్చిందే అనుకుంటారు.

అతని మొదటి పేరు సన్యాసి. మీసం మొలవకముందే విజయనగరంలో రైలెక్కాడు. రాయపూరులో టీ కప్పులు కడిగాడు. నాగపూరులో బత్తాయి బుట్టలు మోశాడు. ఒక నాటకాల కంపెనీ వెంట తెర లాగుతూ తిరిగాడు. ఎక్కడా కుదురు లేదు. ఎవరైనా కడుపునిండా అన్నం పెట్టి, ఇక్కడే ఉండిపోరాదా అంటే చాలు, తెల్లారేసరికి ఆ ఊళ్లో ఉండేవాడు కాదు.

దానికి కారణం ఒక పడవ. గోదావరి మీద అది బోల్తా పడ్డప్పుడు, తనతో ఊళ్లు తిరిగే స్నేహితుడు నీళ్ల అడుగున అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మునిగిపోతున్నారు. సన్యాసి ఆ చెయ్యి విదిలించుకున్నాడు. పైకి వచ్చింది ఒక్కడే. అప్పటినుంచి ఎవరు ప్రేమగా చెయ్యి పట్టుకున్నా అతనికి ఊపిరి ఆడదు.

చివరికి పార్వతీపురం స్టేషన్లో జ్వరంతో పడి ఉంటే జెకర్యా అయ్యగారు చూశాడు. ఆ చుట్టుపక్కల నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లకు ఆయనే పాస్టరు. బండి కట్టించి ఇంటికి తెచ్చాడు. జ్వరం తగ్గేదాకా గంజి పోశాడు. బోధ ఒక్క ముక్క చెయ్యలేదు. సాయంకాలం వసారాలో కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఆయన తనకోసం తాను బైబిలు వాక్యం చదువుకునేవాడు. లోపల మంచం మీద సన్యాసి వినేవాడు. ఒకనాడు వింటూ వింటూ దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు. జ్వరం పోయాక పారిపోవలసినవాడు పారిపోలేదు.

తర్వాత తిమోతి అని తనకు తానే పేరు పెట్టుకుని, సువార్త చెబుతూ ఊళ్లమీద పడ్డాడు. మాటంటే మాట అతనిదే. రైళ్లూ, ఆకలీ, స్టేషన్లో జ్వరం చెబుతుంటే వీధి వీధంతా కళ్లు తుడుచుకునేది. చెప్పిన మర్నాడు మాత్రం ఆ ఊళ్లో ఉండడు. ఇంకో ఊరు పిలిచిందంటాడు.

కొత్త పేరు పెట్టేది నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మంలోనే. అతనికి ఆ బాప్తిస్మం కాలేదు. ఏటికి ఈ వైపు వాళ్లు రాయపూరులో అయిందనుకున్నారు. ఆ వైపు వాళ్లు జెకర్యా అయ్యగారే ఇచ్చాడనుకున్నారు. అబద్ధం అతను ఆడలేదు, అడిగినవాడూ లేడు. ఎక్కడ బాప్తిస్మాలు జరిగినా ఒడ్డున నిలబడి పాట ఎత్తుకునేవాడు, ఎంత బాగా ఎత్తుకునేవాడంటే నీళ్లలోకి ఎందుకు దిగలేదని ఎవరికీ తోచేది కాదు.

ఇట్లా ఎన్నాళ్లు సాగేదో తెలియదు. గెడ్డవలస పోలమ్మ దగ్గర ఆగింది.

పోలమ్మ పెద్ద వయసు మనిషి. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని తిరిగేది. తిమోతి మాట విని ఆమె నమ్మింది, ఆమెను చూసి ఆ వీధిలో ఇంకొందరు నమ్మారు. ఆదివారం పొద్దున్నే ఏటిలో బాప్తిస్మాలని ఖాయం చేశారు. శనివారం మధ్యాహ్నం పోలమ్మ గంప దించి, చెమట తుడుచుకుంటూ అయ్యగారి అరుగు మీద తిమోతి పక్కన కూలబడింది.

"బాబూ, నాకు ఏరంటే బయ్యం. నువ్వు నా సెయ్యి అట్టుకుంటేనే దిగుతాను."

"అయ్యగారు పట్టుకుంటారు కదమ్మా."

"అయ్యగోరు ముంచుతారు. నన్ను అట్టుకునేది నువ్వు. బయపడకు అని సెప్పింది నువ్వు కాదేటి? ఆయన సెప్పినాడా?"

"నేను ఒడ్డున పాట పాడాలి."

"పాట ఎవులైనా పాడతారు. నువ్వు రాకపోతే నాను రాను. నాను రాకపోతే మా వీదోలు ఒక్కరూ రారు. నీ ఇష్టం."

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

తిమోతి రెండు దారులూ చూసుకున్నాడు. దిగితే నీళ్లు. దిగకపోతే ఎందుకు దిగలేదని అడుగుతారు. అడిగితే మొత్తం బయటపడుతుంది. పొద్దున్నే పార్వతీపురం వెళ్లే మొదటి బస్సు అతని కళ్లముందు కదిలింది.

ఎండ వాలాక అయ్యగారు వెదురు కర్రల మోపు తీశాడు. ఎర్ర గుడ్డ పేలికలు భుజాన వేసుకున్నాడు.

"పద సన్యాసీ, ఏటికి."

తిమోతికి ఆ పిలుపు ఎప్పుడూ గుచ్చుకునేది. ఊరంతా తిమోతిగారూ అంటుంటే ఈయన ఒక్కడూ మారలేదు. దారిలో ఉండబట్టలేక అడిగేశాడు. "అయ్యగారూ, ఇంకా సన్యాసేనా నేను?"

"ఆ రెండో పేరు నీకెవరు పెట్టారు?"

అయ్యగారు తిరిగి చూడలేదు, ఆగలేదు, ఇంకో మాట అడగలేదు. తిమోతికి అర్థమైంది. ఈయనకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో తెలియదు.

వరద తీశాక ఏటి అడుగున ఇసుక ఉన్నచోట ఉండదు. మొన్న మోకాలి లోతు ఉన్నచోట ఇవాళ మనిషి మునిగే గొయ్యి ఉంటుంది, పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకటే. అందుకని బాప్తిస్మానికి ముందురోజు నేల తడిమి, గట్టిగా ఉన్న దారికి రెండు పక్కలా కర్రలు పాతాలి. ఆ రెండు వరసల మధ్యే జనం నడవాలి. కొత్తగా వచ్చిన పాస్టర్లు కొందరు ఈ పని పాలేళ్లకు చెప్పి ఇంట్లో పడుకుంటారు. జెకర్యా అయ్యగారు ఇంకొకరి పాదాన్ని నమ్మేవాడు కాదు.

పంచె బిగించి దిగాడు. కర్రతో పొడిచి చూసి, కాలు వేసి, బరువంతా ఆ కాలిమీద మోపి, అప్పుడు రెండో కాలు తీశాడు. నడుము లోతు దాకా ఒక పక్క వరస పాతాడు. ఒక్కొక్క కర్ర ఊపి చూశాడు. ఒకటి కదిలితే పీకి మళ్లీ పాతాడు.

"అవతలి పక్క నువ్వు పాతుతూ రా," అన్నాడు.

తిమోతి అడుగు వేశాడు. పాదాలు మునిగాయి, చీలమండలు మునిగాయి. నీళ్లు మోకాలికి తగలగానే అడుగునుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు అయింది. వెనక్కి ఎగిరి ఒడ్డున కూలబడ్డాడు.

అయ్యగారు నీళ్లలో నిలబడి అతన్ని చూశాడు. తిట్టలేదు. ఓదార్చలేదు. నెమ్మదిగా ఒడ్డుకు వచ్చి, మిగిలిన కర్రలు తిమోతి పక్కన పెట్టాడు. పేలికలు వాటిమీద పెట్టాడు. పంచె పిండుకున్నాడు.

"అయ్యగారూ, రెండో వరస?"

"నీది."

"నా వల్ల కాదండి. మీరే పాతండి. పొద్దున్న ఎవరైనా గోతిలో పడితే?"

"పడొచ్చు," అని అయ్యగారు ఇంటిదారి పట్టాడు.

ఆ రాత్రి తిమోతికి కన్ను మూతపడితే నీళ్లు, తెరిస్తే చీకటి. కోడి కూయకముందే సంచీ భుజాన వేసుకుని బస్సు రోడ్డు మీదికి వచ్చాడు. ముసలాయనే పాతుకుంటాడులే, అనుకున్నాడు. ఆయనకు తన పనంటే ప్రాణం, వదలడు. కానీ ఆయన అన్న మాట మాటే అని కూడా తిమోతికి తెలుసు.

దూరంగా బస్సు దీపాలు కనిపించాయి. అదే సమయానికి గెడ్డవలస డొంకలోనుంచి తెల్లచీరలు రోడ్డెక్కాయి. ముందు పోలమ్మ. చంకలో పొడిచీర మడత. పండక్కి పుట్టింటికి పోతున్నట్టు నడుస్తోంది.

"బాబూ, ఎంత తొందరగా లేసినావు. సంచీ ఏటి?"

తిమోతి సంచీ వెనక్కి జరుపుకున్నాడు. పోలమ్మ సంచీ వైపు చూసింది, వస్తున్న బస్సు వైపు చూసింది. ఆమె ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది.

"ఊరెళ్తన్నావేటి?"

ఆమె కళ్లలోకి చూస్తే అతనికి ఏటి నీళ్లు కనిపించాయి. ఒక్క వరస కర్రలు. అవతల ఏమీ లేదు. తను చెప్పిన మాట పట్టుకుని ఈ ముసలమ్మ ఆ పక్కకు అడుగు వేస్తుంది. మునిగేముందు చెయ్యి చాపుతుంది.

"లేదమ్మా. మీరు మెల్లగా రండి. నాకు ఏటి దగ్గర పని ఉంది."

బస్సు ఆగి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. తిమోతి పరుగెత్తాడు.

కర్రలు రాత్రి ఉన్నచోటే ఉన్నాయి, మంచుకు తడిసి. రెండో వరస లేదు. ముసలాయన నిజంగానే పాతలేదు.

తిమోతి మొదటి కర్ర పాతాడు. రెండో కర్ర పాతాడు. నీళ్లు మోకాలు దాటాయి. మణికట్టు మీద గోదావరి నాటి ఆ చెయ్యి బిగిసింది. అతను విదిలించుకోలేదు, ఆ పట్టులో ఉన్న తన చేతితోనే కర్ర పొడిచాడు. నీళ్లు తొడల దాకా వచ్చాక పొడిచిన కర్ర ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. కాలికింద ఇసుక జారింది. ఒక్క క్షణం అతని గడ్డం నీళ్లలో ఉంది. ఎట్లా వెనక్కి పడ్డాడో, ఎట్లా నిలదొక్కుకున్నాడో తెలియదు. దగ్గుతూ, ఏడుస్తూ, ఆ గోతికి ఇవతల రెండు కర్రలు కలిపి పాతి, ఎర్ర గుడ్డ రెట్టింపు కట్టాడు. పోలమ్మ సరిగ్గా ఇక్కడే నడిచేది.

తెల్లవారేసరికి రెండు వరసలూ ఉన్నాయి. చివర నడుము లోతు నీళ్లలో తిమోతి నిలబడి ఉన్నాడు. ఒడ్డుకు రావడానికి కాళ్లు కదల్లేదు, అది ధైర్యమని జనం అనుకున్నారు.

అయ్యగారు దిగాడు. రెండో వరసలో ప్రతి కర్రా ఊపి చూశాడు. ఒకటి కదిలింది. దాన్ని సరిచేయమని కళ్లతో చూపించాడు. తిమోతి సరిచేశాడు.

పోలమ్మ దిగింది. రెండు చేతులతో తిమోతి మణికట్టు పట్టుకుంది. అయ్యగారు ఆమె వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చగానే, ఆ పట్టు ఇనుప కడియంలా బిగిసింది. తిమోతి లోపల ఏదో గట్టిగా అరిచింది. చెయ్యి ఉంచాడు. నీళ్లు విడిపోయి ఆమె ముఖం పైకి వచ్చింది.

"సచ్చిపోయాననుకున్నాను బాబూ," అంది ఉక్కిరిబిక్కిరై నవ్వుతూ.

మిగిలినవాళ్ల బాప్తిస్మాలూ ఒక్కొక్కటిగా అయ్యాయి. ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టి, తడిసినవాళ్లకు పొడిచీరలు కట్టిస్తున్నారు. అయ్యగారు ఒడ్డువైపు తిరిగాడు.

"అయ్యగారూ, ఇంకొకరున్నారు," అన్నాడు తిమోతి.

"ఎవరు?"

"సన్యాసి."

ఒడ్డున పాట ఆగింది. సంఘ పెద్ద నతానియేలు, ఎవరి తప్పు దొరికినా వదలనివాడు, గొంతు సవరించుకున్నాడు. "అంటే ఇన్నాళ్లూ బాప్తిస్మం లేకుండానే మాకు బోధ చేశావన్నమాట. ఎంత సిగ్గులేని మనిషివయ్యా."

"అవునండి," అన్నాడు తిమోతి.

"నువ్వు ఉండు పెద్దయ్యా," అంది పోలమ్మ జుట్టు పిండుకుంటూ. "పొద్దున్నించీ నీళ్లలో ఉన్నాడు. నీకు మడమ తడిసిందేటి?"

నతానియేలు తన పొడి పాదాలు చూసుకున్నాడు.

అయ్యగారు తిమోతి జోడించిన చేతుల్ని ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చెయ్యి వీపు మీద వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

"చలా అయ్యగారూ?" అన్నాడు తిమోతి మెల్లగా.

"కాదు."

"మరి?"

"భయం."

తిమోతి నమ్మలేనట్టు ఆయన ముఖంలోకి చూశాడు. "ఎన్నేళ్లనుంచి బాప్తిస్మాలు ఇస్తున్నారు మీరు."

"ముంచినవాణ్ణి పైకి లేపేదాకా ప్రతిసారీ భయమేరా," అన్నాడు అయ్యగారు. "ఊపిరి బిగబట్టు."