మడ అడవిలో నల్ల బురద

ఏరు వెళ్లి సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి ఉండేది. అందులో నీటికుక్కలు, పీతలు, కొంగలు బతికేవి.

గండన్న అనే నీటికుక్కకు తన తెలివంటే మహా గర్వం. పిల్లలంటే మాత్రం ప్రాణం.

అతను ఉండే ఒడ్డుకు పక్కనే ఎర్రవ్వ అనే ముసలి పీత ఉండేది. రాలిన ఆకులను ఈడ్చుకుపోయి తన బొరియలో, బురద లోపల పూడ్చేది.

"ఈ కంపు బురదతో నీకేం పని, ఎర్రవ్వా? దీన్ని తవ్విపోస్తే పెద్ద మడుగవుతుంది. నా పిల్లలకు కడుపునిండా చేపలు!" అన్నాడు గండన్న.

"వద్దు నాయనా! చెట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆకులుగా, వేళ్లుగా మార్చుకుంటాయి. అవి బురదలో ఉన్నంతకాలం అదంతా నేలలోనే అణిగి ఉంటుంది. బురదను తిరగేసి ఎండబెట్టావంటే ఆ వాయువు మళ్లీ గాలిలో కలిసి, వేడిని బయటికి పోనివ్వదు. పైగా చెట్ల వేళ్లకు ఈ బురదే పట్టు."

"నీకు బురద తప్ప లోకం తెలియదు" అని నవ్వాడు గండన్న. తన వాళ్లందరినీ పిలిచి తన ఒడ్డంతా తవ్వించాడు.

మొదట్లో మడుగు నిండా చేపలే. గండన్న మీసాలు మెలేశాడు.

ఎండాకాలం వచ్చింది. తవ్విపోసిన బురద ఎండి బీటలు వారింది. పట్టు తప్పిన చెట్లు ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. నీడ పోయింది, నీళ్లు వేడెక్కాయి. చేపలు వేరేచోటికి తరలిపోయాయి.

ఒకనాడు గండన్న చిన్నకూతురు వడదెబ్బకు సోలిపోయింది. పిలిచినా పలకలేదు.

గండన్న పిల్లను నోట కరుచుకుని ఎర్రవ్వ ఉండే వైపుకు పరుగెత్తాడు. అక్కడ చెట్లు దట్టంగా ఉన్నాయి. ఎర్రవ్వ పాతమాట ఎత్తలేదు. "ఇదిగో, ఈ వేళ్ల సందులో పడుకోబెట్టు" అంది. ఇద్దరూ పిల్ల ఒంటికి చల్లని తడి బురద పూసి, పక్కనే కూర్చున్నారు.

పొద్దు వాలేసరికి పిల్ల కళ్లు తెరిచింది. "నాన్నా, ఆకలి" అంది. గండన్న భోరున ఏడ్చేశాడు.

"తప్పు చేశానవ్వా. నా ఒడ్డు మళ్లీ మునుపటిలా అవుతుందా?"

"అవుతుంది నాయనా. తవ్వినంత తొందరగా మాత్రం కాదు. అక్కడ నీడ పడేసరికి నువ్వూ ముసలివాడివవుతావు."

"అయితే ఇవాళే మొదలుపెడతాను" అన్నాడు గండన్న.

బురదను గుంటలోకి నెట్టాడు. చెట్టు మీదే మొలకెత్తి రాలిన మడకాయలను ఏరి అందులో గుచ్చాడు. అలలకు కొన్ని కొట్టుకుపోతే మళ్లీ గుచ్చాడు.

ఏళ్లు గడిచాయి. ఆ ఒడ్డున చెట్లు లేచాయి. ఎర్రవ్వ సంతతి అక్కడిదాకా పాకి ఇళ్లు కట్టుకుంది. చేపలెక్కడ దొరుకుతాయని మనవలు అడిగితే, గండన్న ముందుగా ఎక్కడ తవ్వకూడదో చూపించేవాడు.

నీతి: నేల ఏం దాచి ఉంచిందో తెలుసుకోకుండా దాన్ని తవ్విపోస్తే, ఆ కష్టం ముందుగా మన పిల్లలకే తగులుతుంది.