బోరు మొక్కు, మూడు సీసాల సముద్రం

ఎర్రదిన్నెపాడులో చెన్నకేశవులు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు గానీ ఆ ఇంట్లో రోజూ అనుకుంటారు. వాళ్ళ తెలివంతా ఒకే సూత్రంలో ఉంది. చెప్పింది చెయ్యాలి, చెప్పనిది చెయ్యకూడదు.

"దేశం ఎందుకిట్టా తగలడిందో తెలుసా?" అనేవాడు చెన్నకేశవులు టీకొట్టు దగ్గర. "ఎవరికి వాళ్ళు ఆలోచించడం మొదలెట్టారు."

అతని తండ్రి బతికుండగా, బోరులో నీళ్ళు పడితే కన్యాకుమారి వస్తానని, సముద్రంలోని రాతి మీద పాదం మోపుతానని అమ్మవారికి మొక్కుకున్నాడు. నీళ్ళు పడ్డాయి. మొక్కు తీర్చకుండానే ఆయన పోయాడు. ఈ ఏడు మిరప పూతకొచ్చే వేళకి బోరు దగ్గడం మొదలెట్టింది. రెండు బిందెలు పోసి గాలి కక్కుతోంది.

"అమ్మవారు మర్చిపోలేదురా," అంది తల్లి బాపనమ్మ. "మొక్కు తీరకపోతే చేను మిగలదు."

ఇంకేముంది, చెన్నకేశవులు, తమ్ముడు గురవయ్య, తల్లి రైలెక్కారు. చెన్నకేశవులు పెళ్ళాం శేషారత్నాన్ని ఇల్లు చూస్తూ ఉండమన్నారు. బోరు మోటారు గది తాళంచెవి మాత్రం చెన్నకేశవులు మొలతాడుకే ఉంది. అది స్నానానికి కూడా తియ్యడు.

కన్యాకుమారిలో లాడ్జీ అతను, "సూర్యోదయానికి జనం ఎక్కువండీ, ముందే వెళ్ళి జాగా పట్టుకోండి," అన్నాడు. అంతే. ముగ్గురూ తెల్లారకముందే వెళ్ళి ఇసకలో బోర్లా పడుకుని రెండు చేతులతో జాగా పట్టుకున్నారు. సూర్యుడు వచ్చాడు. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు.

"వచ్చాడంటావా, అన్నా?" అన్నాడు గురవయ్య ఇసకలోంచి.

"వీపుకి తెలియట్లా? నువ్వు జాగా వదలమాక."

ఎండెక్కాక లేచారు. గవ్వలమ్మే ఆమె బాపనమ్మను పిలిచి, "ఇక్కడ మూడు సముద్రాలు కలుస్తాయి. ఈ నీళ్ళు తీసుకెళ్ళి ఇంటి దగ్గర చల్లుకుంటే అంతా పచ్చగా ఉంటుంది," అంది. అంతే, మూడు సీసాలు కొన్నారు. ఒక సముద్రం నీళ్ళు ఇంకోదాంట్లో కలవకుండా మూడు చోట్ల ముంచారు. గురవయ్య మూడూ రుచి చూసి మొహం చిట్లించాడు.

"అన్నా, మోసం. మూడు పేర్లు పెట్టి ఒకటే ఉప్పు అంటగడుతున్నారు."

"మన ఓట్లప్పుడు మాత్రం? పేరు చూసి తీసుకోవాలి, రుచి చూడకూడదు," అని చెన్నకేశవులు మూతలు బిగించాడు.

గుడి దగ్గర మగవాళ్ళు చొక్కాలు విప్పాలన్నారు. విప్పారు. అమ్మవారి ముందు అందరూ సమానమేనట. టికెట్టు కొన్నవాళ్ళు ముందు సమానం, వీళ్ళు రెండు గంటలు వెనక సమానం. లోపల పూజారి వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "తీర్థానికి వచ్చినవాళ్ళు తమకు బాగా ఇష్టమైనది ఒకటి వదిలెయ్యాలి. మళ్ళీ దాని జోలికి పోకూడదు. అప్పుడే మొక్కు చెల్లుతుంది."

"నేను వంకాయ వదిలేస్తా," అంది బాపనమ్మ బయటికొచ్చాక.

"అమ్మవారితో అబద్ధమా, అమ్మా?" అన్నాడు చెన్నకేశవులు. "వంకాయ లేకపోతే దోసకాయ తింటావు. బాగా ఇష్టమైనది అన్నాడాయన."

ఏది బాగా ఇష్టమో తేలక పడవెక్కారు. చొక్కాలు విప్పమన్నారు గానీ మళ్ళీ వేసుకోమని ఎవరూ చెప్పలేదు. కాబట్టి అన్నదమ్ములు చొక్కాలు చంకలో పెట్టుకునే ఉన్నారు. పక్క రాతి మీద ఎవరో మహాకవి విగ్రహం, కొండంత ఉంది. "తలెత్తి చూడండి," అన్నాడు పడవవాడు. తలెత్తారు. దించమని చెప్పలేదు. అట్లాగే మొహాలు ఆకాశానికి పెట్టి రాతి మీద దిగారు. ధ్యానం చేసే హాల్లో ఒకాయన పెదవుల మీద వేలు పెట్టి, "మాట్లాడకండి," అన్నాడు. ఇంకేముంది, నోళ్ళు కూడా మూతపడ్డాయి.

ఆ రాతి మీద, గాలి కొడుతుంటే, చెన్నకేశవులు మేఘాలకేసి చూస్తూ ఆలోచనలో పడ్డాడు. నాకు బాగా ఇష్టమైనదేమిటి? బోరు వేసిన రోజు గుర్తొచ్చింది. ముందు దుమ్ము, తర్వాత ఎర్ర బురద, తర్వాత తాటిచెట్టంత ఎత్తు లేచిన నీళ్ళు. తండ్రి పంచె తడిసి ఒంటికి అంటుకుపోతే సిగ్గు లేకుండా గంతులేశాడు. చెన్నకేశవులుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొలతాడుకున్న తాళంచెవిని పట్టుకున్నాడు.

గురవయ్యా, తల్లీ తడుముకుంటూ వచ్చి అదే తాళంచెవి మీద చేతులు వేశారు. ముగ్గురికీ బాగా ఇష్టమైనది ఒకటే, బోరు. మొలతాడు తెంచి తాళంచెవిని సముద్రంలోకి విసిరాడు చెన్నకేశవులు.

ఆఖరి పడవకి రమ్మని పిలిచారు. వీళ్ళు పలకరు. పడవవాడే దిగి వచ్చి చూస్తే, చంకలో చొక్కాలు, ఆకాశంలో మొహాలు, మాటా పలుకూ లేదు.

"ఏమయ్యా, నోరు లేదా? తల దించండి, చొక్కాలు తొడుక్కోండి, నడవండి," అన్నాడు విసుగ్గా.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నాడు చెన్నకేశవులు, చొక్కా తొడుక్కుంటూ. "మెడ విరిగిపోతోంది."

ఊరు చేరేసరికి శేషారత్నం వీధిలో పీట వేసుకుని ఇంటికేసి కన్నార్పకుండా చూస్తోంది.

"గేదె ఏదే?" అన్నాడు చెన్నకేశవులు, ఖాళీ కట్టుకొయ్య చూసి.

"నాకేం తెలుసు? ఇల్లు చూడమన్నారు, చూస్తున్నా. నాలుగు రోజులూ కదల్లేదు ఇల్లు."

చేనికి పరిగెత్తారు. నిజంగానే మొక్కు చెల్లింది. వీళ్ళు రైలెక్కిన రోజే మంచి వాన పడి బోరు ఊరింది. కరెంటు రాగానే, తాళం వేసిన గదిలో ఆటో స్టార్టరు దానంతటదే మోటారును తిప్పుతోంది. పైపు నిండా నీళ్ళు దూకుతున్నాయి. పైపు మూతి మాత్రం రోడ్డు పక్క కాలవ వైపు తిరిగి ఉంది. నీళ్ళన్నీ అందులోకి పోతున్నాయి. వాన వెలిసి మూడు రోజులైంది, ఎండకి మిరప తలలు వాల్చింది.

శేషారత్నం పైపు మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముట్టుకోమాక," అన్నాడు చెన్నకేశవులు. "అది వదిలేశాం. జోలికి పోతే బోరు ఎండిపోద్ది."

"మరి చేను?"

చెన్నకేశవులు సంచి విప్పి మూడు సీసాలూ గట్టు మీద వరసగా పెట్టాడు. అన్నీ తెలిసినవాళ్ళం, ఆ మాత్రం ముందుచూపు లేకుండా ఉంటుందా? ఒక సీసా గురవయ్యకి, ఒకటి తల్లికి ఇచ్చి, ఒకటి తను తీసుకున్నాడు. పక్కన కాలవలో నీళ్ళు గలగలా పోతుంటే, వీళ్ళు సాళ్ళ వెంట మొక్కమొక్కకీ ఆకుల మీదా మొదట్లోనూ సముద్రం చల్లారు. సీసాలు అయిపోతే బాపనమ్మ దారి చెప్పింది. మళ్ళీ రైలెక్కండి, ఈసారి డ్రమ్ములు పట్టుకెళ్ళండి.

శేషారత్నం వాడిన ఆకు ఒకటి తుంచి నాలిక మీద పెట్టుకుంది. కాసేపు చప్పరించింది.

"తెలివంటే మీదేనయ్యా," అంది. "ఈ ఏడు పచ్చడికి ఉప్పు కొనక్కర్లేదు."